పావుగంట మర్యాద

విమానం ఆలస్యమైందని ఎప్పుడు అనాలో ప్రభుత్వం తేల్చి చెప్పింది. కాగితం మీదున్న వేళకు 15 నిమిషాల లోపు తేడా వస్తే అది వేళకు నడిచినట్టే. ఆ గీత దాటితేనే ఆలస్యం. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అందరూ డీజీసీఏ అనేది, ఏ సంస్థ విమానాలు నూటికి ఎన్ని వేళ తప్పకుండా నడిచాయో ఈ కొలతతోనే లెక్కగట్టి ప్రతి నెలా ప్రకటిస్తుంది. కృష్ణ కాలువల కింది ఊళ్లకు ఈ పావుగంట కొత్తేమీ కాదు. తెనాలిలో దాన్ని ‘ఇదుగో వచ్చేశా’ అంటారు. రేపల్లెలో ‘దారిలో ఉన్నా’ అంటారు. ఆ మాట అన్న మనిషి అప్పటికి తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళుతుంటాడు. డీజీసీఏ కొత్తగా చేసిందల్లా ఆ మర్యాదకు నిమిషాల్లో హద్దు గీయడం.

ఆ లెక్కకు చాలా ఏళ్లపాటు ఢిల్లీ, ముంబయి, బెంగళూరు, హైదరాబాద్ విమానాశ్రయాలే ఆధారం. తెనాలికీ, బాపట్లకీ, రేపల్లెకీ విమానాశ్రయం లేదు, గన్నవరమే దిక్కు. గన్నవరంలో పూటంతా పడిగాపులు కాసినా, ఆ నొప్పి నాలుగు మహానగరాల్లో ఏదో ఒకదానికి తగిలితే తప్ప పట్టికకెక్కేది కాదు. బాపట్ల జిల్లాలో విమానం దిగలేదనడానికి మాత్రం వీల్లేదు. 2024 మార్చి 18న కొరిశపాడు దగ్గర పదహారో నంబరు జాతీయ రహదారి మీద వాయుసేన ఏఎన్-32, డోర్నియర్ విమానాలు దిగి మళ్లీ ఎగిరాయి. అత్యవసరానికని అక్కడ 4.1 కిలోమీటర్ల పొడవున రహదారినే రన్‌వేగా కట్టారు. టికెట్ లేదు, కౌంటర్ లేదు, ఆలస్యమన్న ఫిర్యాదూ లేదు. ఆలస్యమైనవి దారి మళ్లించిన లారీలు. లారీల ఆలస్యానికి పట్టిక వేసే డైరెక్టరేట్ ఇంకా పుట్టలేదు.

గడియారం ఎక్కడ మొదలవుతుందన్నది అసలు కిటుకు. చక్రాల దగ్గర పెట్టిన అడ్డుదిమ్మలు తీసి విమానాన్ని కదిలించిన క్షణమే బయల్దేరిన వేళ. ఆ తరవాత అది రన్‌వే మొదట్లో వరుసలో నిలబడి అరగంట గుర్రుపెట్టినా వేళకు బయల్దేరినట్టే. పెళ్లి బస్సు డ్రైవర్లకు ఈ సూత్రం ఎవరూ నేర్పలేదు. ఏడింటికి వర్జ్యం వస్తుందంటే ఆరూ యాభైకి కొబ్బరికాయ కొట్టించి, నిమ్మకాయలు తొక్కించి, బస్సును వీధి మలుపు దాకా తీసుకెళ్లి ఆపుతారు. శాస్త్రప్రకారం బస్సు బయల్దేరింది. జడలో పూలు పెట్టుకుంటున్న పిన్నిగారూ, ఇస్త్రీ బట్టల కోసం వెళ్లిన బావమరిదీ తీరిగ్గా నడిచొచ్చి ఎక్కుతారు. విమానంలో ఆ వెసులుబాటు ప్రయాణికుడికి లేదు. గేటు సుమారు 25 నిమిషాల ముందే మూసేస్తారు. వర్జ్యం దాటాక గేటు దగ్గరికి వచ్చిన వాళ్లతో సిబ్బంది మాట్లాడే ఇంగ్లిషులో వర్జ్యానికి మాట లేదు.

వేళ తప్పకుండా ఉండటానికి వేగంగా పోవడం ఒక పద్ధతి. వేళనే వెనక్కి జరపడం రెండోది, ఖర్చు తక్కువ. అడ్డుదిమ్మ తీసినప్పటి నుంచి చేరిన చోట మళ్లీ దిమ్మ పెట్టేదాకా గడిచేది ‘బ్లాక్ టైమ్’. గన్నవరం నుంచి శంషాబాద్‌కు గాల్లో ఉండేది ముప్పావుగంట అటూ ఇటూ. టికెట్ మీద మాత్రం గంట పైచిలుకు ఉంటుంది. మిగిలిన నిమిషాలు నేల మీద పాకడానికి కొన్ని, పరువు కాపాడుకోవడానికి కొన్ని. వేళకు ముందే దిగితే పైలట్ మైకులో ఆ సంగతి ఉత్సాహంగా చెబుతాడు. అప్పు ఇచ్చిన డబ్బులోంచే వడ్డీ కట్టినట్టుంటుంది.

ఈ విద్యలో రైల్వే పెద్దక్క. తెనాలికీ విజయవాడకూ పట్టాల మీద 32 కిలోమీటర్లు. విజయవాడలో కదిలిన ఎక్స్‌ప్రెస్ తెనాలి చేరడానికి టైమ్‌టేబుల్ ఇచ్చేది అరగంట. అదే తరహా బండి తెనాలి నుంచి విజయవాడ పోవాలంటే చాలాసార్లు గంట. ఇటు నుంచి వెళ్లేటప్పుడు కృష్ణ వెడల్పు పెరగదు. కృష్ణా కెనాల్ జంక్షన్ దాటాక మిగిలిన నాలుగైదు కిలోమీటర్లలో ఆ సమయాన్నంతా దాచిపెడతారు, ఇంటావిడ పోపుల డబ్బాలో నోట్లు దాచినట్టు. దారిలో బండి ఎంత నష్టపోయినా చివర ఆ డబ్బాలోంచి తీసి సర్దుకుంటుంది. నష్టపోని రోజున ఏం చేయాలో దానికి తోచదు, వంతెన దగ్గర నిలబడుతుంది. తాడేపల్లి కనబడగానే సంచులు దించుకుని తలుపు దగ్గర చేరిన సగం పెట్టె అలాగే నిలబడి ఉంటుంది. కిటికీలోంచి కృష్ణమ్మకు నాణెం వేసి దణ్ణం పెట్టుకున్న పెద్దావిడ, పావుగంట తరవాత కూడా కింద నీళ్లే కనిపిస్తుంటే, మళ్లీ వేయాలా అని పక్కవాళ్లను అడుగుతుంది. చివరికి బండి ప్లాట్‌ఫారం మీదికి వస్తుంది. రికార్డులో వేళకే వచ్చింది.

అయినా కొన్ని ఆలస్యాలు ఏ డబ్బాకూ లొంగవు. అప్పుడు కారణం రాయాలి. అంతర్జాతీయ విమాన రవాణా సంఘం ఇందుకు రెండంకెల సంఖ్యలు తయారుచేసి పెట్టింది. 41 అంటే విమానంలో లోపం. 71 బయల్దేరే ఊళ్లో వాతావరణం, 72 చేరే ఊళ్లో వాతావరణం. వీటన్నిటికీ తలమానికం 93: ఈ విమానం ముందు ఊరి నుంచే ఆలస్యంగా వచ్చింది. ఒక విమానం పొద్దుటి నుంచి రాత్రి దాకా అయిదారు ఊళ్లు తిరుగుతుంది. రెండు ప్రయాణాల మధ్య నేల మీద ఉండేది చాలాసార్లు అరగంట అటూ ఇటూ. పొద్దున్నే ఢిల్లీలో మంచు కమ్మితే సాయంత్రం గన్నవరంలో, కళ్లు చెదిరే ఎండలో, ప్రయాణికుడు ‘వాతావరణం బాగానే ఉంది కదండీ’ అని అడుగుతుంటాడు. ఈ దేశంలో విమానాల ఆలస్యాల్లో ఎక్కువ భాగం ఈ గొలుసుకట్టువే. తెనాలి దర్జీ ‘కాజాలు కుట్టే కుర్రాడి దగ్గరుందమ్మా’ అన్నాడంటే అది 93. ఆ కుర్రాణ్ణి అడిగితే అతనూ 93 అనే చెబుతాడు. మొదటి ఆలస్యం ఎవరిదో ఇంతవరకూ ఏ విచారణలోనూ తేలలేదు.

ఆలస్యం కావడం ఒక ఎత్తు, వార్త కావడం మరో ఎత్తు. తెలుగు పత్రికల్లో ఈ రెండో ఎత్తుకు చిన్న చరిత్ర ఉంది. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైన ‘ఈనాడు’ 1989లో జిల్లాకో చిన్న పత్రికను జతచేసింది. మిగతా పత్రికలూ ఆ దారే పట్టాయి. దాంతో ఊరూరా విలేకరి వచ్చాడు, అతనితోపాటు రోజూ నింపి తీరాల్సిన పేజీలూ వచ్చాయి. మురుగు కాలవ, వీధి దీపం, పశువుల ఆసుపత్రి వార్తలయ్యాయి. తెనాలి–రేపల్లె బండి ఆలస్యం మాత్రం మొదట్లో నాలుగు సార్లు అచ్చయి ఆగిపోతుంది. రోజూ జరిగేది వార్త కాదు. ఆ లైను 1916 నుంచి ఉంది, 34 కిలోమీటర్ల ఒంటి దారి. ఎదురుబండి కోసం వేమూరులోనో భట్టిప్రోలులోనో బండి ఆగితే జనం దిగి కాళ్లు సాగదీసుకుని, వరి చేలు చూసి, మళ్లీ ఎక్కుతారు. రెండు వేల ఏళ్లకు పైబడిన బ్రాహ్మీ శాసనాలు దొరికిన భట్టిప్రోలులో ఇరవై నిమిషాలను ఆలస్యమనడం కూడా బాగుండదు.

విమానం అలా కాదు. దాని ఆలస్యం వండి వడ్డించిన వార్త. అద్దాల భవనం ఉంది, చేతిలో ఫోన్లున్న సాక్షులున్నారు, వాళ్లే ఫొటోలు తీసి విలేకరికి పంపుతారు. పైగా పత్రికా భాష వాహనాన్ని బట్టి మర్యాద మారుస్తుంది. బస్సు ‘రాదు’. రైలు ‘ఆలస్యంగా నడుస్తుంది’. విమానం ‘చక్కర్లు కొడుతుంది’. బస్సు రాకపోతే జనం రాస్తారోకో చేస్తారు, రైలు రాకపోతే అవస్థలు పడతారు, విమానం రాకపోతే ‘తీవ్ర ఆందోళనకు గురై’, అది దిగాక ‘ఊపిరి పీల్చుకుంటారు’. గంటన్నర చక్కర్ల పాటు వాళ్లు ఊపిరి ఏం చేశారో ఏ పత్రికా రాయదు. పడిగాపులు అనే మాట ఒకప్పుడు చౌకధరల దుకాణం ముందు ఎండలో నిలబడ్డవాళ్లది. ఇప్పుడది ఏసీలో మెత్తటి కుర్చీలకు వలస పోయింది. ఎమ్మెల్యే కూడా అదే విమానంలో ఉంటే లెక్క నిమిషాల్లో సాగదు, హోదాల్లో సాగుతుంది: ఎమ్మెల్యే ఒకరు, ప్రయాణికులు మిగతావాళ్లు. ఇక ‘తప్పిన పెను ప్రమాదం’ జరగనిదాని గురించి రాసే వార్త. ఆ లెక్కన రోజూ ఎన్నో అచ్చు వేయవచ్చు.

శీతకాలం వస్తే గన్నవరం వార్తకు కొత్త తిప్పలు అక్కర్లేదు, నిరుటిది తీసి తేదీ మారిస్తే చాలు. చుట్టూ కాలవలూ తడి పొలాలూ కావడంతో తెల్లవారుజామున మంచు చాపలా పరుచుకుంటుంది. రన్‌వే నిర్ణయించినంత దూరం నుంచి కనిపించకపోతే దిగడానికి వీల్లేదు. విమానం పైన కాసేపు తిరిగి, ఇంధనం లెక్క చూసుకుని శంషాబాద్‌కు మళ్లుతుంది. హైదరాబాద్‌లో ఎక్కినవాళ్లు రెండు గంటలు ఎగిరి హైదరాబాద్‌లోనే దిగుతారు. ఇంటర్ భౌతికశాస్త్రంలో దూరానికీ స్థానభ్రంశానికీ తేడా చెప్పలేక తంటాలు పడే లెక్చరర్లు ఈ ఉదాహరణను ఎందుకు వాడుకోరో తెలియదు.

అసలైన వార్తలూ ఉన్నాయి. 2003 సెప్టెంబరులో ఎయిర్ డెక్కన్ హైదరాబాద్ నుంచి విజయవాడకు తొలి విమానం వేసింది. వెంకయ్యనాయుడు లాంటి నాయకుల్ని ఎక్కించుకుంది. బేగంపేటలో ఎగరకముందే ఇంజిన్లో మంటలు లేచాయి. ఎవరికీ ఏమీ కాలేదు. చవక విమానం వచ్చిందన్న వార్త కోసం పిలిచిన పత్రికలకు అంతకన్నా పెద్ద వార్త దొరికింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వేళకు చెన్నై విమానాశ్రయం నీట మునిగి మూతపడింది. టీవీల్లో రోజంతా ఆ రన్‌వేనే. అయిదో తేదీ పూర్వాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటుతుందన్న తుపాను మధ్యాహ్నం పన్నెండున్నర దాటాక మొదలుపెట్టి రెండున్నరకు పూర్తిచేసింది. డీజీసీఏ కొలత ప్రకారం అదీ ఆలస్యమే, కానీ బాపట్లలో ఎవరూ ఫిర్యాదు చేయలేదు. చేతికొచ్చిన వరి నేలకొరిగింది.

అన్నిటికన్నా పెద్దది 2025 డిసెంబరు. పైలట్లకు విశ్రాంతి పెంచిన కొత్త నిబంధనలకు సరిపడా సిబ్బందిని సర్దుకోలేక, వేళపాలనే తన గొప్పగా చెప్పుకున్న ఇండిగో కుప్పకూలింది. అయిదో తేదీ ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. విమానయాన మంత్రి శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు కావడంతో తెలుగు పత్రికలకు అది ఇంటి వార్త కూడా అయింది. రైల్వే ఉన్న రైళ్లకు పెట్టెలు తగిలించి, ప్రత్యేక రైళ్లు వేసి ఆదుకుంది. అప్పుడే చదువరులకు ఒక సూక్ష్మం తెలిసింది: రద్దయిన విమానం ఆలస్యాల పట్టికలోకి రాదు, దాని గడి వేరే. పరీక్షకు రాని కుర్రాడు తప్పినవాళ్ల జాబితాలో ఉండనట్టే.

రేపల్లె ప్రయాణికుడి లెక్క ఈ పట్టికల్లో దేనికీ అందదు. పదకొండు గంటల విమానానికి అతను చీకటితోనే లేస్తాడు. పల్లెకోన, భట్టిప్రోలు, పెనుమర్రు, వేమూరు, జంపని, చినరావూరు దాటి తెనాలి, అక్కడ బండి మారి విజయవాడ, ఆ తరవాత బెంజి సర్కిల్, రామవరప్పాడు రింగు. గంట ప్రయాణానికి అయిదు గంటల ముందస్తు. అక్కడికి చేరాక బోర్డు మీద ‘ఆలస్యం’ అని వెలిగితే అతనికి కోపం రాదు, కూర్చోవడానికి చోటు దొరికిందనిపిస్తుంది. రెండున్నర గంటల లోపు ప్రయాణమున్న విమానం రెండు గంటలకు మించి ఆలస్యమైతే సంస్థ ఫలహారం పెట్టాలి, ఆరు గంటలు దాటితే వేరే విమానమో పూర్తి డబ్బో ఇవ్వాలి. అలా వచ్చే ఫలహారం అట్టపెట్టెలో చల్లటి రొట్టెముక్క. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, రేపల్లె ఆవిడ పక్కన పెట్టేసి స్టీలు క్యారేజీ మూత తీస్తుంది. పులిహోర. ఇంగువ వాసన మూడు వరుసల దాకా పోతుంది. ఇంతసేపూ కౌంటర్ దగ్గర గొంతు చించుకున్న సూటు ఆయన మెల్లగా వచ్చి ఎదుటి కుర్చీలో కూర్చుంటాడు. ‘తీసుకోండి బాబూ, ఇంకా ఉంది’ అంటుందావిడ, మూతలోనే పెట్టి ఇస్తూ. మర్నాటి పేపర్లో ఈ ఘట్టం ‘తిండీ నీళ్లూ లేక అల్లాడిన ప్రయాణికులు’ అని వస్తుంది.

ఇలాంటి పేపరు కోసమే మంచు రోజుల్లో రేపల్లెలో జనం బడ్డీకొట్టు దగ్గర టీ గ్లాసులతో ఎదురుచూస్తుంటారు. అచ్చు కేంద్రం నుంచి అయిదింటికి రావాల్సిన వ్యాను ఆరున్నరకు, లైట్లు వేసుకుని, మంచులోంచి తేలుతూ వస్తుంది. కట్టలు విప్పి పేపర్లు పంచే కుర్రాడు మొదటి పేజీ చూస్తాడు: మంచు వల్ల గన్నవరం విమానం గంటన్నర ఆలస్యం. ఇల్లిల్లూ తిరిగి గేట్లలోంచి విసురుతూ పోతాడు. తమ వ్యాను గంటన్నర ఆలస్యమైన సంగతి మర్నాటి పేపర్లో ఎక్కడా ఉండదు, పంచాంగం గడిలో ఆనాటి వర్జ్యం మాత్రం నిమిషాలతో సహా ఉంటుంది.