నకిలీ మైకు ఆత్మకథ

నా ఒంటి మీద ఉన్న పేరు నాది కాదు. షూర్ ఎస్‌ఎం58 అని అచ్చు వేసి ఉంటుంది. ఆ పేరున్న అసలు మైకు 1966లో అమెరికాలో పుట్టింది. స్టూడియోల కోసమని తయారుచేస్తే, ఎన్నిసార్లు కిందపడ్డా చావదని తెలిసి వేదికల వాళ్లు ఎత్తుకుపోయారు. దాన్ని చూసి దించిన నకళ్లలో నేనొకటి. అసలుది 298 గ్రాములు తూగుతుంది, పిడి లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. నా పిడి లోపల గాలి తప్ప ఏమీ లేదు. తెలిసినవాళ్లు చేతిలోకి తీసుకోగానే పసిగట్టేస్తారు. తెలియనివాళ్లు హాయిగా పాడుకుంటారు.

నన్ను కొన్న కుర్రాడికి తెలియలేదు. 2011 అక్టోబరు చివర బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా వాయించినప్పుడు అతను ఆ జనంలో ఉన్నాడు. గొంతు అక్కడే వదిలేసి సికింద్రాబాద్ తిరిగొచ్చాడు. అది తిరిగి రాకముందే కోఠీ వెళ్లి, ఓ సందులో నన్ను సైగలతో బేరమాడాడు. మాట రాని మనిషి మైకు కొనడం చూసి కొట్టువాడికి జాలేసిందో ఏమో, ధర బాగానే తగ్గించాడు.

అతనో బ్యాండులో గాయకుడు. ఆ బ్యాండు పేరు చెప్పను. చాలాసార్లు మారింది, వచ్చే నెలకి ఇదే ఉంటుందన్న నమ్మకం వాళ్లకే లేదు.

నేను డైనమిక్ జాతి మైకుని. మీ గొంతులోంచి వచ్చిన గాలి నా పొరని తోస్తే, పొర వెనకున్న తీగచుట్ట అయస్కాంతంలో ఊగుతుంది, కరెంటు పుడుతుంది. బయటి కరెంటుతో నాకు పని లేదు. నా పక్కన ఓ మీట ఉంది గానీ అది దారి మూస్తుంది, చెవి మూయదు. వైరు పీకి సంచీలో పడేసినా నా పొర కదులుతూనే ఉంటుంది. అందుకే వేదిక మీద కాసేపు, వేదిక కింద ఏడాది పొడుగునా విన్నాను. నా కథలో పాటల కంటే మిగతా గొడవే ఎక్కువ.

ఆ గొడవలో ఎక్కువ భాగం సైనిక్‌పురిలో డ్రమ్మరు వాళ్ల మేడ మీది గదిలో జరిగింది. గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించారు. గుడ్ల అట్ట గదిలో గింగురుమనే మోతని కాస్త చెదరగొడుతుందేమో గానీ, శబ్దాన్ని బయటికి పోకుండా ఆపలేదు. ఆపాలంటే బరువైన గోడ కావాలి. ఆ సంగతి కింది పోర్షన్‌లో అద్దెకున్న పెద్దాయనకి అందరికంటే బాగా తెలుసు. ఆయన పోలీసుల దాకా పోలేదు. "రెండింటి నుంచి నాలుగింటి దాకా ఆపండి బాబూ, కాస్త కునుకు తీస్తా" అని రాజీకొచ్చాడు. ఆ రెండు గంటల నిశ్శబ్దం బ్యాండుకి ఎంత మేలు చేసిందో ఆయనకి తెలియదు. చెప్తాను.

ముందు మనుషుల గురించి. గాయకుడు గచ్చిబౌలిలో రాత్రి షిఫ్టు చేస్తాడు, అమెరికా వాళ్ల ఫిర్యాదులు వింటాడు. ఉద్యోగం కోసం నేర్పిన యాసతోనే పాటలూ పాడేవాడు. గిటారిస్టు ఇంటింటికీ తిరిగి పిల్లల్ని ట్రినిటీ పరీక్షలకి తయారుచేస్తాడు. డ్రమ్మరు బడిలో లెక్కల టీచరు. బేస్ వాయించేది విజయనగరం అమ్మాయి. సీఏ చదువుతూ, ఫెయిలవుతూ, మళ్లీ చదువుతూ ఉంటుంది. బ్యాండు లెక్కలన్నీ ఆమె నోటుబుక్కులోనే. అందులో "మైకు – కొత్తది – వచ్చే షోకి" అన్న పద్దు ఏళ్ల తరబడి పేజీ మారుతూ వచ్చింది.

మొదట్లో పబ్బుల్లో వాయించేవాళ్లు. టిష్యూ పేపర్ల మీద చీటీలు వచ్చేవి: హోటల్ కాలిఫోర్నియా, సమ్మర్ ఆఫ్ 69, మళ్లీ హోటల్ కాలిఫోర్నియా. రాత్రి ముదిరేకొద్దీ చీటీలు సినిమా పాటలకి మారేవి. సొంత పాట మొదలెడితే జనం సరిగ్గా అప్పుడే బిల్లు అడిగేవాళ్లు. సౌండువాడికి, ట్రాలీ ఆటోకి, అర్ధరాత్రి బిర్యానీకి పోగా తలా కొంచెం మిగిలేది. ఆ కొంచెంతో గిటారు తీగలొచ్చేవి. నా జాలీ లోపలి స్పాంజిలో బీరు, గుట్కా, విక్స్ వాసనలు ఒకదాని మీద ఒకటి పేరుకుపోయాయి. ఓసారి బేస్ అమ్మాయి తట్టుకోలేక పాత టూత్‌బ్రష్షుతో, సబ్బునీళ్లతో తోమింది. నా బతుకులో నాకు జరిగిన ఏకైక సన్మానం అదే.

ఇప్పుడు ఆ రెండు గంటల సంగతి. డ్రమ్మరుకి ఏడు మీద పిచ్చి. రాక్ మామూలుగా నాలుగు దెబ్బల్లో నడుస్తుంది. పింక్ ఫ్లాయిడ్ 1973లో 'మనీ' అనే పాటని ఏడులో నడిపి, గిటారు సోలో దగ్గర నాలుగులోకి దిగింది. "వాళ్లు దిగితే దిగారు, మనం దిగొద్దు" అని ఇతని పంతం. గాయకుడు ఇంగ్లిషు మాటలు పేర్చి ఆ ఏడులో ఇరికించబోయేవాడు. ప్రతిసారీ ఒక మాట బయట మిగిలిపోయేది. "ఏం ర భై, ఆరో దెబ్బకే ఊపిరి అయిపోతుంది నాకు" అని నన్ను స్టాండు మీదే వదిలేసి సిగరెట్టుకి వెళ్లిపోయేవాడు.

ఒక మధ్యాహ్నం, కింద పెద్దాయన కునుకు వేళ, డ్రమ్ములు ముట్టుకోకూడదు కాబట్టి డ్రమ్మరు తొడ మీద చేతులతో ఏడు కొడుతూ కూర్చున్నాడు. బేస్ అమ్మాయి సీఏ పుస్తకంలోంచి తల ఎత్తకుండానే దానికి ఏదో గొణగడం మొదలెట్టింది. అతను ఆపితే ఆమె ఆగింది, కొడితే మళ్లీ అందుకుంది. ఎక్కడా ఒక్క అక్షరం మిగల్లేదు.

"ఏంటది?"

"గురజాడ. చిన్నప్పుడు మా తాతయ్య పట్టుబట్టి వల్లె వేయించేవారు. ముత్యాల సరాలు. మూడూ నాలుగూ, మూడూ నాలుగూ. తకిట తకధిమి."

లెక్కల టీచరు కాసేపు వేళ్లు మడిచి చూసుకున్నాడు. 1910 నాటి నడక. అంతకుముందు వృషభగతి రగడ అనే పాత ఛందస్సులోనూ అదే లెక్క. తను లండన్ నుంచి తెచ్చుకున్నాననుకున్న ఏడు విజయనగరంలో చిన్నపిల్లల నోట్లో ఉందని తెలిసి అతనికి సంతోషం కంటే ఉక్రోషమే ఎక్కువ వచ్చినట్టుంది. "మరి ఇన్నాళ్లూ చెప్పవేం?" అన్నాడు. "ఏడులో రాక్ అన్నావు గానీ, ఏడులో పద్యం అన్నావేటి?" అందామె.

నాలుగు కొట్టేసరికి డ్రమ్ముల మీద అదే నడక మొదలైంది. కింద పెద్దాయన కునుకు అప్పటికి అయిపోయిందనే అనుకుంటున్నాను.

నడక దొరికింది, మాట దొరకలేదు. తెలుగులో పాడదామని అమ్మాయి అంటే గిటారిస్టు ఒప్పుకోలేదు. తెలుగులో పాడితే సినిమా పాట అంటారన్నాడు. అవియల్ వాళ్లు 2008లో మలయాళంలో రాక్ ఆల్బమ్ తెస్తే ఎవరైనా సినిమా పాటన్నారా అని ఆమె అడిగింది. ఇండియన్ ఓషన్ 2000లో తెచ్చిన 'కందీసా'లో టైటిల్ పాట అరమాయిక్ ప్రార్థన, దానికి తల ఊపినవాళ్లలో ఎంతమందికి అర్థం తెలుసని నిలదీసింది. గిటారిస్టు తగ్గాడు. గాయకుడి బాధ వేరు. "తెలుగుల పాడితే మా అమ్మకి సమజైతది రా" అన్నాడు. ఇంగ్లిషులో అతను ఎన్ని తిట్లు తిట్టినా, ఎంత ఏడ్చినా ఇంట్లో అడిగినవాళ్లు లేరు. నాకు తెలిసి తెలుగు కుర్రాళ్లు ఇంగ్లిషులో పాటలు రాసుకోవడానికి ఈ చాటుకి మించిన కారణం లేదు. ప్రపంచ శ్రోతలూ అదీ ఇదీ అంటారు గానీ నేను నమ్మను.

చివరికి రాశాడు. షిఫ్టు క్యాబు పాట. తెల్లవారుజామున అవుటర్ రింగ్ రోడ్డు మీద నిద్రపోతున్న డ్రైవరు, మెలకువగా ఉన్న ప్రయాణికులు, ఇల్లు చేరేసరికి గేటుకి వేలాడుతున్న పాల ప్యాకెట్లు.

అప్పుడు నా పని మారిపోయింది. ఈ మార్పు నాకు తప్ప ఎవరికీ తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. ఇంగ్లిషు వాళ్ల పద్ధతిలో మాట మొదట్లో 'ప' పలికితే వెంట గాలి బుస్సున వస్తుంది, నా పొర మీద దెబ్బ పడి స్పీకర్లో ఢబ్‌మంటుంది. తెలుగు 'ప'లో ఆ ఊదుడు లేదు. 'భ', 'ఫ' వచ్చినప్పుడే తుపాను. అది సుఖం. కష్టం మాట చివర ఉంది. ఇంగ్లిషు మాట హల్లుతో టక్కున తెగుతుంది, ఆ తెగిన చోట స్నేర్ దెబ్బ వేసుకోవచ్చు. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది, దెబ్బ పడ్డాక కూడా సాగుతూ ఉంటుంది. పాట మెత్తబడిపోతోందని గిటారిస్టు గోల. నెలల పాటు తిప్పి తిప్పి చూశాక గాయకుడికి దారి దొరికింది. తెగాల్సింది మాట చివర కాదు, నడుమ. మబ్బు, రచ్చ, పగ్గం, గడ్డ. ఆ ద్విత్వం దగ్గర నోరు రెప్పపాటు మూతపడుతుంది, నా పొర కదలకుండా నిలబడుతుంది, వెంటనే విరుచుకుపడుతుంది. స్నేర్ దెబ్బని అక్కడ పెట్టారు. ఆ రోజు గదిలో ఎవరూ ఏమీ అనలేదు, అదే పాటని చేతులు నొప్పెట్టేదాకా వాయించారు.

మొదటిసారి దాన్ని లామకాన్‌లో పాడారు. బంజారాహిల్స్‌లో 2010 నుంచి నడుస్తున్న ఆవరణ అది. సమోసా, ఛాయ్, నేల మీదా మెట్ల మీదా జనం. పాట అదిరిపోయిందని రాస్తే అబద్ధం. చప్పట్లు కొట్టబోయినవాళ్లు ఏడులో దారి తప్పి చేతులు దించేశారు. కానీ ఎవరూ లేచి వెళ్లలేదు. గాయకుడి తల్లి వచ్చింది. ఇంటికి పోయేదాకా ఏమీ అనలేదు. నేను సంచీలో ఉన్నాను కాబట్టి విన్నాను: "ఆ డ్రైవరు నిజంగనే నిద్రపోతడా? ఆ ఉద్యోగం మానెయ్." పాట బాగుందా లేదా అన్న ప్రశ్నే రాలేదు. వాడికి అంతకంటే పెద్ద సమీక్ష ఎక్కడా దొరకలేదు.

నా గుట్టు రట్టయింది మాత్రం వేరే చోట, ఓ కాలేజీ ఉత్సవంలో. గాయకుడికి ఆవేశం వస్తే నన్ను జాలీ దగ్గర గుప్పిట్లో పట్టేస్తాడు. నేను ముందు నుంచే వినాలి, వెనక చెవుడు ఉండాలి. ఆ చెవుడు రావడానికి జాలీ కింద గాలి రంధ్రాలున్నాయి. వాటిని చేత్తో మూస్తే నాకు అన్ని వైపులా వినపడుతుంది, ఎదురుగా ఉన్న మానిటర్‌లోంచి నా గొంతే నాలోకి తిరిగొచ్చి కూత పెడుతుంది. పెట్టింది. సౌండు ఇంజినీరు పరుగెత్తుకొచ్చి నన్ను లాక్కుని చేతిలో తూచి చూశాడు.

"ఇది డూప్లికేట్ కదన్నా."

బ్యాండు మొత్తం నా వైపు చూసింది. ఆయనే మళ్లీ, "అయినా మీ గొంతుకి సెట్ అయితుందిలే, చెయ్యి కిందికి పట్టుకో" అని ఇచ్చేసి వెళ్లాడు. తర్వాత నా గురించి ఆలోచించే తీరిక ఎవరికీ లేకపోయింది. ముందు ఎక్కిన పెద్ద కళాకారుడు వీళ్ల సమయం కూడా తినేశాడు. శబ్ద కాలుష్య నిబంధనలు 2000లో వచ్చినప్పటి నుంచి రాత్రి పదికి లౌడ్‌స్పీకర్లు ఆగాలి. ఏడాదికి పదిహేను రోజులకి మించకుండా అర్ధరాత్రి దాకా రాష్ట్రం సడలింపు ఇవ్వొచ్చు గానీ, ఆ రోజుల్లో వీళ్ల వంతు ఎప్పుడూ పడలేదు. రెండో పాట సగంలో ఉండగా కరెంటు తీసేశారు. డబ్బు కోసం ఆ తర్వాత ఎన్ని ఫోన్లు చేశారో నోటుబుక్కులో ఉంది.

రికార్డింగు సంగతి క్లుప్తంగా ముగిస్తాను, అందులో నాకు గౌరవం దక్కలేదు. అద్దెకి కండెన్సర్ మైకు తెచ్చి, దుప్పట్లు వేలాడదీసిన గదిలో, మే నెలలో ఫ్యాను ఆపి పాడించారు. నన్ను గైడు ట్రాకుకి వాడి పక్కన పెట్టారు. కండెన్సర్ నాకంటే బాగా విన్నది, వాదన లేదు. పాట నెట్‌లోకి ఎక్కింది. ఎక్కించిన సంస్థకి ఏటా కట్టే చందా, వినికిళ్ల మీద వచ్చే రాబడి బేస్ అమ్మాయి పక్కపక్క గళ్లలో రాసి, రెండో గడిని చూసి నవ్వుకుంటుంది.

ఈలోగా గిటారిస్టు ఎంఎస్ చేయడానికి డాలస్ వెళ్లాడు. అక్కడ తెలుగు వాళ్ల సభల్లో సినిమా గాయకులకే పిలుపులని తెలిసి, గదిలో కూర్చుని రిఫ్‌లు రికార్డు చేసి పంపుతున్నాడు. మా అర్ధరాత్రి వచ్చే ఆ ఫైళ్లలో వెనక రూమ్మేటు కుక్కర్ విజిల్ కూడా ఉంటుంది. వాటిని ల్యాప్‌టాప్‌లో పెట్టి, చెవిలో క్లిక్ వింటూ వాయించమంటే డ్రమ్మరు ససేమిరా అంటున్నాడు. గురజాడ క్లిక్ పెట్టుకుని రాశాడా అని అతని వాదన.

నోటుబుక్కులో ఆ పాత పద్దు ఎట్టకేలకు కొట్టేశారు. అసలైన 58 ఒకటి వచ్చింది, బిల్లుతో సహా. నన్ను బేస్ అమ్మాయి ముందుకు మార్చారు, వంతపాటకి. ఆమె నాకు దూరంగా నిలబడి మెల్లగా పాడుతుంది. నాలోకి ఆమె గొంతు కంటే సింబల్ మోత ఎక్కువ వస్తుంది. అయితే ఆమె పాడనప్పుడు కూడా పెదాలతో తకిట తకధిమి అని లెక్క వేస్తూ ఉంటుందని ఇక్కడికి వచ్చాకే తెలిసింది.

వచ్చే వారం విశాఖలో షో. గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు తీశారు. స్నేర్, సింబల్స్, కిక్ పెడల్ మోసుకెళ్లాలి, మిగతా డ్రమ్ కిట్టు అక్కడివాళ్లది. గిటారుకి ఊళ్లో కుర్రాడొకణ్ణి మాట్లాడారు, అతనింకా ఏడు నేర్చుకుంటున్నాడు. నాలుగు పాటల ఈపీ అనుకున్నారు, మూడయ్యాయి. నాలుగోది అయిదులో పెడదామని, ద్విరదగతి రగడ చూసుకొచ్చానని డ్రమ్మరు ఒకటే తొందర. మాట లేకుండా నడక ఎక్కడ నిలుస్తుంది, ముందు పల్లవి రాయమంటుంది బేస్ అమ్మాయి. షిఫ్టు దిగి నేరుగా వచ్చిన గాయకుడు, ఆంప్‌కి ఆనుకుని, ముందు తనని ఓ గంట పడుకోనివ్వమంటున్నాడు.