గురులోహం, లఘుమీనం

యుద్ధ ట్యాంకుల ఉక్కు కవచాన్ని చీల్చుకుపోయే గుళ్ళకి వాడే లోహం టంగ్‌స్టన్. లోహాలన్నిటిలోకీ మొండిది, 3,422 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కిస్తే గానీ కరగదు. మన ఇళ్ళలో పాత బల్బుల లోపల తెల్లగా కాగుతూ, మనం పరీక్షలకి చదువుకోవడానికి వెలుగిచ్చిన తీగ ఇదే. ఇంతటి చరిత్ర, ఇంతటి ప్రతాపం, ఇంతటి నిగ్రహం గల మహాలోహాన్ని పట్టుకుని, నాలుగు మిల్లీమీటర్ల గుండుగా చేసి, దానికో కొక్కెం తగిలించి, తలకి గులాబీ రంగు పులిమి, తోకకి రెండు ఈకలు కట్టి, గడ్డకట్టిన చెరువులోకి కన్నంలోంచి దింపుతున్నాం. ఎవరి మీదికయ్యా ఈ దండయాత్ర అంటే, అరచేయంత చేప మీదికి.

ఆ చేప పేరు బ్లూగిల్. దాని జట్టులో క్రాపీ, పర్చ్, పంప్కిన్‌సీడ్ వగైరాలున్నాయి. పెనంలో ఒదిగే సైజువి కాబట్టి అన్నిటినీ కట్టగట్టి పాన్‌ఫిష్ అంటారు ఇక్కడివాళ్ళు. ఇక్కడ అంటే అమెరికాలోని మిన్నెసోటా. పదెకరాలకి తగ్గని చెరువులు 11,842 ఉన్న రాష్ట్రం. కారు నెంబరు ప్లేటు మీద మాత్రం వినయంగా 10,000 అని రాసుకుంటుంది. చలికాలం వచ్చిందంటే ఇవన్నీ నేలలో కలిసిపోతాయి. మంచు నాలుగంగుళాల మందం కడితే మనిషి నడవచ్చనీ, పదమూడంగుళాలైతే ట్రక్కే తోలుకెళ్ళచ్చనీ ప్రభుత్వమే లెక్కలు కట్టి చెబుతుంది. ఇలాంటి చోట ఇల్లు కొనుక్కున్న తెలుగువాడి గతి మీకు తెలియనిది కాదు. మేపుల్ గ్రోవ్‌లో గుడికి వెళ్ళొచ్చాక, కూరగాయలు తెచ్చుకున్నాక, మిగిలిన చలికాలాన్నంతా పక్కింటాయన చేతిలో పెట్టాలి. 1993లో గ్రంపీ ఓల్డ్ మెన్ అని ఒక సినిమా వచ్చింది. ఈ రాష్ట్రపు కథే. ఇరుగుపొరుగు ముసలాళ్ళిద్దరు మంచు మీద గుడిసెలేసుకుని, చేపలు పడుతూ, ఒకరినొకరు తిట్టుకుంటూ ఉంటారు. లోకం దాన్ని హాస్యచిత్రమంది. మా వీధిలో దాన్ని శిక్షణ చిత్రంగా చూస్తారు.

టంగ్‌స్టన్ గాలం చూసి పక్కింటాయన్ని మొదట నేనడిగింది చాలా చిన్న ప్రశ్న. సీసానికేమైంది? మా గోదావరి కాలవగట్టు మీద కూర్చున్న కుర్రాడి దగ్గర ఏముంటుంది? ఓ వెదురుకర్ర, కాస్త నైలాన్ దారం, ఓ బెండు ముక్క, రవ్వంత సీసం, అరటిచెట్టు మొదట్లో తవ్వి తెచ్చిన వానపాము. మొత్తం పెట్టుబడి బడి ఎగ్గొట్టిన పాపం, అంతే. ఇక్కడా తరతరాలుగా సీసమే వాడారు. 327 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి గరాజులో కరిగించి, అచ్చుల్లో పోసుకున్న తాతలున్నారు. అలాంటి బీదవాడి లోహాన్ని ఏ నేరానికి వెలివేశారో చెప్పమని గట్టిగా నిలదీశాను. పక్కింటాయన టోపీ తీసి గుండెకి ఆనించుకుని, లూన్ గురించి చెప్పడం మొదలుపెట్టాడు.

లూన్ అనేది 1961 నుంచి మిన్నెసోటా రాష్ట్రపక్షి. ఎర్రటి కళ్ళు, నల్లటి వీపు మీద తెల్లటి చుక్కలు, అర్ధరాత్రి విన్నవాడికి ఒళ్ళు జలదరించే కూత. తిన్నది అరగడానికి చెరువు అడుగున గులకరాళ్ళు ఏరుకుని మింగుతుంది. ఆ రాళ్ళతో పాటు మన దారం తెగి పడిపోయిన సీసం గుండు ఒక్కటి లోపలికి పోయినా చాలు, విషమెక్కి చచ్చిపోతుంది. చలికాలం ఆ పక్షి ఇక్కడ ఉండదు కదా, వెచ్చటి సముద్రతీరానికి పోతుంది కదా అని వాదించబోయాను. పోయిన పక్షి వేసవికి తిరిగొస్తుంది. పడిన సీసం ఎక్కడికీ వలసపోదు. ఇంగ్లండులో 1987లోనే హంసల ప్రాణాల కోసం గాలాలకి కట్టే సీసం గుళ్ళని నిషేధించారు. న్యూహాంప్‌షైర్ లాంటి రాష్ట్రాలు లూన్ కోసం నిషేధించాయి. మిన్నెసోటా మాత్రం రాష్ట్రమంతటికీ నిషేధం పెట్టకుండా, మానుకోండి బాబూ అని నచ్చజెబుతోంది. కర్రెత్తిన ప్రభుత్వం మీద తిరగబడచ్చు, బతిమాలే ప్రభుత్వాన్ని ఏం చేస్తాం? ఎర్రకళ్ళ పక్షిని ముద్దాయిగా నిలబెట్టి ఏ కోర్టులో గెలుస్తాం? ఉన్న సీసమంతా మూటకట్టి ఇచ్చేశాను.

సరే, ధర్మం వాళ్ళదే. మరి ధర? గుప్పెడు సీసం గాలాలొచ్చే డబ్బుకి టంగ్‌స్టన్ది ఒక్కటొస్తుంది. నాలుగైదు డాలర్లు! పైగా మంచు మీద మనిషికి రెండు గాలాలు వేసుకునే హక్కు ప్రసాదించారు, అంటే నష్టపోయే హక్కు కూడా రెండింతలు. ఎందుకింత అని అడిగితే దానికీ జవాబు సిద్ధంగా ఉంది. ఘన సెంటీమీటరు సీసం 11.3 గ్రాములు తూగితే, టంగ్‌స్టన్ 19.3 గ్రాములు తూగుతుంది. గాలాలకి వాడే మిశ్రమం కాస్త తక్కువే అయినా, సీసం దాని దరిదాపులకి రాదు. అదే బరువు ఇంకా చిన్న గుండులో ఇమిడిపోతుంది. చిన్నది కాబట్టి నీళ్ళు అంతగా అడ్డుకోవు. కన్నంలో తేలుతున్న మంచుపిండిని దూసుకుని, చేపలున్న లోతుకి చటుక్కున దిగుతుంది. క్రాపీల గుంపు మన కోసం కాచుకుని ఉండదు. పట్టినదాన్ని కొక్కెం నుంచి విప్పేలోగా మిగతావి పొలిమేర దాటేస్తాయి. ఎవరి గాలం ముందు దిగితే వాళ్ళదే చేప. పైగా చలికి చుట్టలు చుట్టుకునే సన్నదారాన్ని ఈ బరువు నిటారుగా లాగి ఉంచుతుంది, చేప ముట్టీ ముట్టకముందే చేతికి తెలుస్తుంది. ఇంత సమంజసమైన సమాధానం విన్నాక గృహస్థుడికి కోపం రాకుండా ఎలా ఉంటుంది?

19.3 అన్న అంకె మీకెక్కడో విన్నట్టు అనిపిస్తోందా? బంగారం సాంద్రత కూడా అంతే. అందుకే దొంగ కడ్డీలు చేసేవాళ్ళు లోపల టంగ్‌స్టన్ పెట్టి పైన బంగారం తొడుగుతారు. క్రెడిట్ కార్డు బిల్లు వచ్చిన పూట ఈ విజ్ఞానాన్ని మా ఆవిడ ముందు ఉంచాను, నా ఖర్చులో కూడా ఒక హుందాతనం ఉందని తెలియజేద్దామని. ఆవిడ చాలా శ్రద్ధగా విని, "తూకం ఒకటే అయినప్పుడు బంగారమే కొనచ్చు కదండీ, చెరువులో పడిపోకుండా నా మెళ్ళో ఉండేది" అంది. చర్చ వాయిదా వేసి భోజనానికి లేచాను.

ఇక అంతర్జాతీయ పరిస్థితి. ప్రపంచంలో తవ్వే టంగ్‌స్టన్‌లో సింహభాగం చైనాది. అమెరికా గనుల్లో 2015 తర్వాత వ్యాపారానికని దీన్ని తవ్వడమే లేదు. 2025 ఫిబ్రవరిలో, సుంకాల పోట్లాట ముదిరిన వేళ, ఈ లోహం ఎగుమతులకి చైనా కళ్ళెం వేసింది. ఫిరంగి గుళ్ళు ఏమైపోతాయన్నవాళ్ళున్నారు, డ్రిల్లు మొనలు ఏమైపోతాయన్నవాళ్ళున్నారు, కర్మాగారాల భవిష్యత్తేమిటన్నవాళ్ళున్నారు. అదే ఫిబ్రవరిలో, అదే భూగోళం మీద, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ముక్కు తుడుచుకుంటున్న సామాన్య గృహస్థుడి సార్వభౌమాధికారం ఏమైపోతుందని అడిగిన దేశాధినేత ఒక్కడూ లేడు. సంప్రదింపులకి నన్నెవరూ పిలవనూ లేదు.

పోనీ, అవి పెద్దవాళ్ళ సంగతులు. మన కన్నం సంగతి చూద్దాం. గాలానికి దారం ఎక్కించుకోవడానికి బుల్లి కన్నం ఒకటుంటుంది. తయారుచేసిన మహానుభావుడు తలకి రంగు వేస్తూ ఆ కన్నాన్ని కూడా రంగుతో పూడ్చిపెడతాడు. మూసుకుపోయిన సూదిబెజ్జాన్ని నాలుగైదు డాలర్లకి అమ్మడం ఏ వర్తకనీతో మీరే చెప్పండి. అప్పుడు గ్లవ్స్ తియ్యాలి. ఇంకో గాలం మొనతో రంగు పొడవాలి. వేళ్ళు కొయ్యబారాలి. కళ్ళజోడుకి ఆవిరి పట్టాలి. రెండు పౌండ్లకి మించి లాగితే తెగిపోయే దారాన్ని, చత్వారం వచ్చిన కళ్ళతో, ఎదురుగాలిలో దూర్చాలి. ముడి వెయ్యాలి, ఉమ్మితో తడపాలి, ఆ ఉమ్మి గడ్డకట్టకముందే బిగించాలి. అంతటితో అయిందా? గాలం నీళ్ళలో అడ్డంగా నిలవాలట. ముడి కాస్త జరిగితే చాలు, తల వాల్చేస్తుంది. తల వాల్చిన గాలమంటే బ్లూగిల్‌కి గౌరవం లేదు. కాబట్టి చేప పడిన ప్రతిసారీ ముడిని సరైన చోటికి జరుపుకోవాలి. ఈ తతంగమంతా నిర్వర్తించి తల తిప్పి చూస్తే, ఈలోగా మంచులో తవ్విన కన్నం కూడా పూడుకుపోయి ఉంటుంది.

ఈకల చరిత్ర ఇంకా విషాదకరం. పూర్వం కొక్కేనికి ఎర గుచ్చేవాళ్ళం. తేనెపట్టుల్లో మైనం తినే తెల్లటి పురుగులు, ఈగల జాతి పురుగులు. ఈ రెండో రకాన్ని ఎర్రరంగు అద్ది మరీ అమ్ముతారు. వాటిని చల్లగా దాచాలి. చల్లటి చోటు ఇంట్లో ఒక్కటే కదా. మనవల్ని చూసిపోదామని వచ్చిన మా అత్తగారు ఒకనాటి ఉదయం ఫ్రిజ్ తెరిచి, పెరుగు గిన్నె వెనకున్న బుల్లి డబ్బాని పచ్చడి డబ్బా అనుకుని మూత తీశారు. ఆ క్షణం నుంచి మా ఇంట్లో అత్యవసర పరిస్థితి అమల్లోకి వచ్చింది. ఫ్రిజ్ మీద నా పౌరహక్కులు రద్దయ్యాయి, వంటింట్లో నా కదలికల మీద ఆంక్షలు వెలిశాయి, పిల్లలు తటస్థ దేశాలుగా ప్రకటించుకున్నారు. అప్పుడు పక్కింటాయన మధ్యవర్తిగా వచ్చి ఈకలు కట్టిన టంగ్‌స్టన్ గాలాన్ని బల్ల మీద పెట్టాడు. పారే ఏటిలో, ఈకలతో పురుగుల్లా కట్టిన గుండు తలల ఫ్లైలు వేసి చేపలు పట్టేవాళ్ళ విద్య ఇది, మంచు మీదికి ఎక్కింది. మెత్తటి ఈక, ఓ మెరుపుపోగు, పురుగు అక్కర్లేదు. గాలాన్ని కదపకుండా పట్టుకున్నా ఈకలు వాటంతటవే అల్లాడతాయి, చేప దాన్నే పురుగనుకుంటుంది. సీసంతో ఇంత చిన్న తల చేస్తే ఈకలే నెగ్గి, దిగడానికి తాత్సారం చేస్తాయి. టంగ్‌స్టన్ తల వాటిని జుట్టు పట్టుకుని ఈడ్చుకుపోతుంది. కాపురం నిలబడింది. కానీ షరతులు చూడండి: మబ్బుంటే ఒక రంగు, ఎండుంటే ఒక రంగు, చీకటి పడితే చీకట్లో మెరిసేది, ఆ మెరిసేదానికి మాటిమాటికీ టార్చిలైటు వెలుతురు తినిపించాలి. నీళ్ళలోంచి పైకి తీసిన మరుక్షణం ఈకలు గడ్డకట్టి పుల్లలవుతాయి. శాంతి ఒప్పందాలన్నీ ఇంతే.

ఇన్ని అవమానాలూ దిగమింగి గాలం దింపుతాం. మంచు కింద ఏం జరుగుతోందో చూపించే సోనార్ పెట్టె పక్కనే ఉంటుంది. గుండ్రటి తెర మీద రంగుగీతలు: ప్రతిధ్వని బలహీనమైతే పచ్చగీత, బలమైనదైతే ఎర్రగీత. మన గాలం ఒక గీత. అడుగు నుంచి ఇంకో గీత లేస్తుంది. వస్తుంది. ఆగుతుంది. చూస్తుంది. చలికి దాని ఒంట్లో అన్నీ నెమ్మదించాయి, దానికేం తొందర లేదు. దారం మెలిపడి గాలం గిర్రున తిరిగిందా, అనుమానించి తప్పుకుంటుంది. తిరగలేదా, నీళ్ళతో సహా లోపలికి పీల్చి, రుచి చూసి, ఊసేస్తుంది. ఈ పరీక్ష జరిగిందనడానికి సాక్ష్యం గాలపుకర్ర కొసనున్న స్ప్రింగు వెంట్రుకవాసి వంగడమే. ఆ లిప్తలో ఎత్తితే మనది, లేకపోతే లేదు. ఉద్యోగం కోసం నన్ను ఇంటర్వ్యూ చేసినవాళ్ళెవరూ ఇంత నిదానంగా పరిశీలించి ఇంత నిశ్శబ్దంగా తిరస్కరించలేదు. కనీసం వాళ్ళు మంచినీళ్ళిచ్చారు.

అయితే చేపలు పడవా అంటారా? పడతాయి. నా అసలు బాధ అదే. పడకపోతే ఈ లోహాన్ని చెరువులోకి విసిరికొట్టి, దుప్పటి కప్పుకుని పడుకునేవాణ్ణి. ఇది పక్షిని చంపదు, ఎర అడగదు, సీసం కంటే ముందు దిగుతుంది, ఎక్కువ చేపల్ని తెస్తుంది. తిట్టడానికి ఒక్క సందు కూడా వదలని వస్తువుతో సంసారం చెయ్యడం ఎంత కష్టమో మీకు వేరే చెప్పాలా? చట్టం ప్రకారం రోజుకి సన్‌ఫిష్ (బ్లూగిల్, పంప్కిన్‌సీడ్ ఈ జాతివే) ఇరవై, క్రాపీలు పది తెచ్చుకోవచ్చు. కొన్ని చెరువుల్లో సన్‌ఫిష్ ఐదుకో పదికో ఆపేశారు. ముళ్ళు తీసి, ఉప్పూ కారం పసుపూ అల్లంవెల్లుల్లీ పట్టించి పెనం మీద వేస్తే, మనిషికి రెండు బుక్కలు. తియ్యగా ఉంటాయి, అబద్ధమెందుకు. పుస్తెలమ్మైనా పులస తినమన్నారు మా వైపు. బ్లూగిల్ విషయంలో ఆ మాట ఎవరూ అనలేదు గానీ, లెక్క చూస్తే ఆ దారినే ఉన్నాం.

కాబట్టి నా డిమాండ్లు ఇవి. ఒకటి, దారం కన్నాలకి రంగు పులమడాన్ని మానవహక్కుల ఉల్లంఘనగా గుర్తించాలి. రెండు, అగ్రరాజ్యాలు ఇకమీదట లోహాల గురించి చర్చలకి కూర్చున్నప్పుడు బల్ల దగ్గర ఒక బకెట్టు బోర్లించి ఉంచాలి. మూడు, ఫ్రిజ్ కింది అరలో ఒక మూల మీద నాకు పరిమిత స్వయంప్రతిపత్తి కల్పించాలి. నాలుగు, టంగ్‌స్టన్ గాలం పనిచేస్తుందని రోజూ నిరూపించడం చేపలు తక్షణం మానుకోవాలి. ఈ మహజరు మీద మంచు మీదే సంతకాలు సేకరిస్తున్నాను, సాటి బాధితులందరూ కదలిరండి. పెన్నులు అక్కడ గడ్డకట్టుకుపోతాయి, పెన్సిల్ తెచ్చుకోండి.