కొళాయి బాబాయి

పూత మీద తోట అమ్ముకున్న నూజివీడు రైతుని సంక్రాంతి వెళ్ళాక చూడాలి. చేతిలో అడ్వాన్సు ఉంటుంది, చేతికి పని ఉండదు. మందు కొట్టించేది కొన్నాయన, కాపలా పెట్టేది కొన్నాయన, కాయ కోయించి నున్న మార్కెట్‌కి తోలేదీ కొన్నాయనే. ఊరుకోలేక ఈయన తోటలోకి వెళ్తే వాళ్ళు లేచి మర్యాదగా కుర్చీ వేస్తారు. సొంత తోటలో కుర్చీ వేయించుకున్నాడంటే ఇక అక్కడ తనకి పని లేదని రైతుకి వేరే చెప్పక్కర్లేదు. ఇంటికొచ్చేస్తాడు. పెరట్లో కొళాయి కారుతూ ఉంటుంది.

కొళాయి బాబాయి అలా పుడతాడు. వీధికి ఒకరు తప్పరు.

ఆయన ఆయుధాలన్నీ ఒక పాత డాల్డా డబ్బాలో ఉంటాయి. లూనా పానా ఒకటి (లూనా ఎప్పుడో పాతినుముకి పోయింది), పళ్ళరిగిన కటింగ్ ప్లేయరు, ఎండి రాయైపోయిన ఎంసీల్ ముద్ద, కొస ఎక్కడుందో దొరకని టెఫ్లాన్ టేపు చుట్ట. వాషర్లకి మాత్రం లోటు లేదు. ప్రెషర్ కుక్కరువి, మోటారువి, స్కూటరువి, ఏవైనా దొరుకుతాయి. అరంగుళం కొళాయికి సరిపోయేది ఒక్కటీ ఉండదు.

నిజానికి ఆ జబ్బు పెద్దదేం కాదు. ఈ తిప్పుడు కొళాయికి 1845లో ఇంగ్లండులోని రాథర్‌హామ్‌లో గెస్ట్ అండ్ క్రైమ్స్ అనే ఇత్తడి కార్ఖానా వాళ్ళు పేటెంటు తీసుకున్నారు. లోపలి కథ నేటికీ పెద్దగా మారలేదు. పిడి తిప్పితే మర దిగుతుంది, మర చివరనున్న వాషరు ఇత్తడి అంచు మీద కూర్చుని నీళ్ళని ఆపుతుంది. కొన్నేళ్ళకి వాషరు గట్టిపడి, అంచు ఒత్తుకుని దాని ముఖాన గుండ్రంగా గాడి పడుతుంది. పైగా బోరు నీళ్ళలోని సున్నం తెల్లగా పేరుకుంటుంది. గేటు వాల్వు కట్టేసి, తల విప్పి, కొత్త వాషరు వేస్తే సరి.

బాబాయి విప్పడు, బిగిస్తాడు. ఆయన వైద్యమంతా బిగింపే. కారితే బిగించు, ఇంకా కారితే పానా పెట్టి బిగించు. బిగించేకొద్దీ వాషరు ఇంకా తెగుతుంది, మర్నాటికి ఇంకాస్త కారుతుంది. దాంతో ఈయన జబ్బ సత్తువ ఇంకాస్త పెరుగుతుంది. కొన్నాళ్ళకి ఆ కొళాయిని ఇంట్లో ఆయన తప్ప ఎవరూ తిప్పలేరు. పిన్నిగారు గిన్నెలు తోమాలంటే ముందు ఆయన్ని నిద్ర లేపాలి.

రసాల రోజుల్లో హైదరాబాదు నుంచి వియ్యంకుడుగారు దిగారు. చిన్నరసం చెంచాలతో తినేది కాదు కదా. నలిపి, తొడిమ దగ్గర కొరికి, జుర్రుకోవాలి. పెద్దమనిషి మోచేతుల దాకా రసం కార్చుకుని పెరట్లోకి వెళ్ళారు.

"బావగారూ, ఇది తిరగడం లేదండీ."

"ఎడమ వైపుకి, బావగారూ. బలం కాదండీ, ఒడుపు!"

రసం చేతులకి ఒడుపెక్కడిది? జర్రున జారిపోతున్నాయి. చివరికాయన కారే చుక్క కింద దోసిలి పట్టి నిలబడ్డారు. ఈగలు ముందొచ్చాయి, పిన్నిగారు చెంబు పట్టుకుని తర్వాత వచ్చారు. అంత బిగించినా అది కారడం మాత్రం మానలేదు చూడండి! కృష్ణా జిల్లాలో ఉన్నప్పుడూ కారింది, 2022 ఏప్రిల్‌లో నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్ళాకా కారుతూనే ఉంది.

పరువు పోయింది కనక ఆ సాయంత్రం బాబాయి హవాయి చెప్పు తీసుకుని బ్లేడుతో గుండ్రంగా వాషరు కోశాడు. గుండ్రంగా అని ఆయనన్నాడు. అది ఒక రాత్రి ఆగింది. ఆ మహత్తర రాత్రి గురించి వీధంతా విన్నది. తర్వాత నూలు దారం ఒకటి కొళాయి మూతికి కట్టి బకెట్లోకి వదిలాడు. చుక్క దారం వెంట జారుతుంది, టప్పు టప్పున చప్పుడు రాదు. "ఏమేవ్, రిపేరైపోయింది!" అన్నాడు. చప్పుడే జబ్బని ఆయన నమ్మకం.

ట్రిపుల్ ఐటీలో చదివే కూతురు సెలవులకొచ్చి కాగితం తీసింది. "నాన్నా, సెకనుకో చుక్క. లీటరుకి సుమారు 4 వేల చుక్కలు. రోజుకి 21 లీటర్ల పైమాటే."

"అంతేనా! తోటలో ఒక్కో డ్రిప్పరు గంటకి 4 లీటర్లు వదుల్తుంది. ఇది లీటరు కూడా లేదు. దీన్ని కారడం అంటారా?"

ఈయన్ని చూసి నవ్వడం తేలిక. నాకు మాత్రం, కుర్చీ వెయ్యకుండా ఈయన్ని పని చెయ్యనిచ్చేది ఆ కొళాయి ఒక్కటే అనిపిస్తుంది.

ఓ రోజు ఆయన పెళ్ళికి వెళ్ళినప్పుడు చూసి పిన్నిగారు ప్లంబర్ని పిలిచారు. అతను తల విప్పి లోపల వేలు పెట్టాడు. "సీటు కోసుకుపోయిందమ్మా. వాషర్లు ఎన్ని మార్చినా ఆగదు." కొత్త కొళాయి బిగించేసరికి బాబాయి రానే వచ్చాడు. పావు తిప్పు తిప్పితే చాలు, నీళ్ళు ధారగా పడుతున్నాయి, మళ్ళీ తిప్పితే టక్కున ఆగుతున్నాయి.

"వాషరేదోయ్?"

"ఉండదండీ. లోపల రెండు సెరామిక్ బిళ్ళలు, ఒకదాని మీదొకటి తిరుగుతాయంతే."

"మరి కారితే?"

"ఇప్పుడప్పుడే కారదండీ."

"ఒకవేళ కారితే?"

"లోపలి కార్ట్రిడ్జి తీసి కొత్తది వేసెయ్యడమేనండీ, బాబాయిగారూ."

బాబాయి పాత కొళాయి అడిగి తీసుకుని డబ్బాలో వేసుకున్నాడు. రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

మూడోనాడు తోట కొన్నాయన ఫోన్ చేశాడు. డ్రిప్పర్లకి సున్నం పట్టి నీళ్ళు రావడం లేదట, యాసిడ్ ఎక్కిస్తున్నారట, మోటారు గది తాళం కావాలట. తాళంతోపాటు డాల్డా డబ్బా కూడా బయల్దేరింది. వాళ్ళు కుర్చీ వేశారు, ఈయన కూర్చోలేదు. కుర్రాళ్ళు యాసిడ్ ఎక్కించి, గొట్టాలు కడిగి, మళ్ళీ మోటారు వేశారు. కాసేపటికి మొదటి చెట్టు కింద డ్రిప్పరు తెరుచుకుని చుక్క చుక్కగా కారడం మొదలెట్టింది. అందరూ హమ్మయ్య అనుకుంటూ రెండో చెట్టు దగ్గరికి నడిచారు.

వెనక్కి తిరిగి చూసేసరికి బాబాయి బోదెలో గొంతుక్కూర్చుని, టేపు చుట్టేసి, కటింగ్ ప్లేయరుతో బిగిస్తున్నాడు.

"అయ్యయ్యో, వదిలెయ్యండి బాబాయిగారూ!" తోట కొన్నాయన పరుగెత్తుకొచ్చాడు. "అది కారడానికే పెట్టిందండీ!"