ఎక్కడానికి టికెట్టు, దిగడం ఉచితం

స్నోబోర్డింగ్‌కు కావలసినవి మూడే. వాలు, మంచు, డబ్బు. మా హైదరాబాదు ఎల్బీనగర్‌లో వాలుకు లోటు లేదు. చౌరస్తా మీదా, బైరామల్‌గూడ దగ్గరా కట్టిన ఫ్లైఓవర్లలో దేని మీంచి దిగినా సరే, ముందుపోయే లారీ కాస్త ఆయిలు కారుస్తుంటే మిగతా క్రీడ దానంతటదే జరిగిపోతుంది. మంచు సంగతికొస్తే, గడ్డకట్టిన నీళ్లు పైనుంచి పడటమంటే మాకు వడగళ్లే. అవీ మండుటెండల కాలంలో వచ్చి, మామిడి పిందెలు రాల్చి, ఫొటో తీసేలోపు కరిగిపోతాయి. ఇక డబ్బు. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డుకు రెండు పక్కలా అంతస్తు మీద అంతస్తుగా లేచిన బట్టల షాపులూ నగల షాపులూ చూసినవాళ్లెవరూ ఇక్కడ డబ్బు లేదని అనలేరు. ఉంది. దాన్ని ఏ పద్దు కింద ఖర్చు రాయాలన్న దగ్గరే పేచీ.

ఆ పేచీని దగ్గరుండి చూసే భాగ్యం ఈ చలికాలం నాకు కలిగింది. మా చైతన్యపురి గల్లీలో పై వాటా సారు ఆడిట్ ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు గల్లీలో లేరు, అందరికీ ఆడిట్ సారే. కొడుకు చిన్నోడిది బీటెక్ ఆఖరి సంవత్సరం. వాడు ఫోన్లో ఎవరో చెక్క మీద నిలబడి మంచుకొండ మీంచి సర్రున జారుతున్న వీడియో చూసి, దోస్తులతో కలిసి ఒక్క రోజు కశ్మీర్‌లోని గుల్మార్గ్ పోయొస్తానన్నాడు. సారు కాదనలేదు. ఆడిట్ వాళ్లు ఎప్పుడూ కాదనరు.

"ఎస్టిమేటు రాసుక రా బిడ్డా, చూద్దాం" అన్నారు.

వాడు ఎక్సెల్ షీటు చేసి ఫోన్లో చూపించాడు. సారు ఫోన్లో లెక్కలు నమ్మరు. బీరువాలోంచి పొడుగు నోటుబుక్కు తీసి, ఎడమ పక్క మార్జిన్ కొట్టి, అంకెలన్నీ నీలం ఇంకుతో ఎక్కించుకుని, ఎర్ర పెన్ను క్యాప్ తీసి పక్కన పెట్టుకున్నారు. నన్ను సాక్షిగా కూర్చోబెట్టారు. మేడమ్ గారు చాయ్ తెచ్చారు. సభ మొదలైంది.

మొదటి పద్దు రవాణా. ఎల్బీనగర్ నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి పుష్పక్ బస్సు. ఈ ఒక్క గీత మీదే సగం చాయ్ అయిపోయింది. ఎందుకంటే మేడమ్ గారు మధ్యలో ఒక సవరణ ప్రతిపాదించారు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం గనక, కొడుకు వెంట తానూ వెళితే ఆ మేరకు మిగులుతుందట.

"నువ్వు పోకుంటే మొత్తమే మిగులుతది గదా" అన్నారు సారు.

"గా లెక్క మాకు దెల్వదా? ఆధార్ కార్డు ఉండంగ ఎందుకు ఇడిసిపెట్టుడు అంటున్న."

మహాలక్ష్మి పథకం పల్లెవెలుగుకు, ఎక్స్‌ప్రెస్‌కు, సిటీ బస్సులకే గానీ పుష్పక్‌లో చెల్లదని చిన్నోడు చెప్పాక సవరణ వీగిపోయింది. మేడమ్ గారు నిరసనగా వంటింట్లోకి వాకౌట్ చేశారు. ఆ తర్వాత విమానం ఖర్చు అయిదంకెల్లో వస్తే ఎవరూ కిమ్మనలేదు. బస్సు చార్జీ మీద యుద్ధం చేసినవాడికి విమానం టికెట్టు దగ్గరికి వచ్చేసరికి ఆయాసం వస్తుంది. మన అసెంబ్లీలో కూడా చిన్న పద్దుల మీద గొంతులు చించుకుని, పెద్ద పద్దులు మధ్యాహ్నం భోజనానికి ముందు గిలెటిన్‌లో ఆమోదించేస్తారు గదా, అదే సంప్రదాయం.

అసలు మెలిక "ఒక్క రోజు" అన్న మాటలో ఉంది. తెల్లవారుజామున విమానమెక్కి, ఢిల్లీలో మారి, శ్రీనగర్‌లో దిగేసరికి మధ్యాహ్నం. అక్కణ్నుంచి యాభై కిలోమీటర్ల దాకా రోడ్డు. టంగ్‌మార్గ్ దగ్గర ఆగి టైర్లకు గొలుసులు, కాళ్లకు అద్దె బూట్లు, ఒంటికి అద్దె కోటు. పైన గుల్మార్గ్, 2,650 మీటర్ల ఎత్తు. అక్కణ్నుంచి గొండోలా అనే తీగబండి రెండు అంచెల్లో, ముందు కొంగ్‌దూరికీ, తర్వాత అఫర్వట్ కొండ భుజం మీదికీ, దాదాపు 4,000 మీటర్లకు తీసుకుపోతుంది. అప్పటికి పొద్దు వాలుతుంది. కిందికి దిగి ఏదో హోటల్లో పడుకుని మర్నాడు రావాలి. అంటే ఒక్క రోజు ట్రిప్పుకు రెండు రోజులు పోను, మంచు మీద గడిపేది గంట. కొత్తగా నేర్చుకునేవాడు ఆ గంటలో ముప్పావు గంట కూర్చునే ఉంటాడు, బోర్డు మీద కాదు. సారు మొత్తం ఖర్చును నిలబడి ఉండే పావుగంటతో భాగించి, నిమిషానికి పడే రేటు తేల్చి, ఆ అంకె చుట్టూ ఎర్ర సున్నా చుట్టారు.

తర్వాత గొండోలా టికెట్టు దగ్గర పెన్ను ఆగింది.

"ఎక్కనీకి టికెట్టు సరే. దిగనీకి ఎంత?"

"దిగనీకి ఏం లేదు డాడీ. దిగుడే స్నోబోర్డింగు."

"అంటే పైసలు దీసుకొని కొండ మీదికి ఎక్కిస్తరు, ఆడ ఇడిసిపెడ్తరు. కిందికొచ్చేది నీ తిప్పలు."

"గంతే."

సారు నా వైపు చూశారు. "నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ. సర్కారు గురుకులంల చదువుకుంట 2014ల, పదమూడేండ్లకే ఎవరెస్టు ఎక్కింది. ఆ పిల్ల ఎక్కనీకి పోయింది. మావోడు జారనీకి పోతా అంటున్నడు."

దీనికి జవాబు నా దగ్గర కూడా లేదు. చిన్నోడు మాత్రం, ఎక్కినవాళ్లందరూ ఎలాగూ దిగాల్సిందేనని గొణిగాడు. గట్టిగా అనలేదు, వాడికీ బతకాలని ఉంది.

ఇక్కడ నేనొక అనవసర సమాచారం ఇచ్చాను. 2024 జనవరిలో గుల్మార్గ్‌లో మంచే పడలేదు, ఎండిన గడ్డి మీద టూరిస్టులు దిగులుగా తిరిగారు. మరుసటి ఏడు ఫిబ్రవరిలో అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్ని తగినంత మంచు లేక మార్చికి వాయిదా వేశారు. ఈ రోజుల్లో మంచు కూడా ఫీజు రీయింబర్స్‌మెంట్ లాంటిదే, మంజూరవుతుంది గానీ సమయానికి విడుదల కాదు. ఆడిట్ సారుకు ఈ సంగతి ఎంత నచ్చిందంటే, "మంచు పడకుంటే రికవరీ ఎవరి జీతంల?" అని మార్జిన్‌లో అభ్యంతరం రాసుకున్నారు. చిన్నోడు నా వైపు చూసిన చూపు గురించి రాయను.

దుస్తుల పద్దులోకి మేడమ్ గారు వాకౌట్ విరమించుకుని మరీ వచ్చారు. జాకెట్ ఇప్పుడెందుకు, ఆషాఢం దాకా ఆగితే ఒకటికి ఒకటి ఉచితమన్నారు. ఆషాఢంలో మంచు ఉండదు గదా అంటే, జాకెట్టుంటుంది గదా అన్నారు. బీరువా పై అరలో ఆవాల రంగు మంకీ క్యాప్ ఉంది, అది సరిపోతుందన్నారు. చెక్క మీద స్టైలుగా నిలబడి వీడియో తీయించుకోవాలనుకున్న కుర్రాడి తల మీద మంకీ క్యాప్ ఊహించుకుని నేను చాయ్ కప్పులోకి చూస్తూ ఉండిపోయాను. తిండి పద్దు మాత్రం క్షణాల్లో తేలింది. సకినాలు, పులిహోర, చపాతీలు, ఎండుకారం పొడి. 4,000 మీటర్ల ఎత్తున సకినం విరిస్తే వచ్చే చప్పుడుకు హిమపాతం సంభవిస్తుందేమో గానీ, ఖర్చు మాత్రం సున్నా.

ఆకస్మిక వ్యయం కింద కాలు విరిగే అవకాశం చేర్చారు. ఆరోగ్యశ్రీ పరిమితి పది లక్షలకు పెరిగింది గదా, కశ్మీర్‌లో చెల్లుతుందా అన్నది ఒక ప్రశ్న. చెల్లదంటే విరిగిన కాలును జాగ్రత్తగా ఎల్బీనగర్ దాకా తెచ్చుకోవాలి, ఇక్కడ పుత్తూరు కట్టు కట్టేవాళ్లున్నారు. ఆ రోజుల్లో పుత్తూరు కట్టుతో తన చెయ్యి అతుక్కున్న కథ సారు చెప్పారు, చెయ్యి చాపి చూపించారు కూడా. కొంచెం వంకరగానే ఉంది, కానీ లెక్కలు రాయడానికి అడ్డం రాలేదు.

చివరగా సారు ప్రత్యామ్నాయం చూపారు. 2004లో ఇందిరా పార్కు పక్కన, లోయర్ ట్యాంక్‌బండ్ రోడ్డు మీద స్నో వరల్డ్ తెరిచిన కొత్తల్లో కుటుంబమంతా వెళ్లారు. లోపల సున్నాకు అయిదు డిగ్రీలు తక్కువ, బయట మామూలు హైదరాబాదు. కోటు, గ్లవుజులు, బూట్లు వాళ్లే ఇచ్చారు. ఆల్బంలో ఫొటో ఉంది. తెలిసినవాళ్లు కూడా గుర్తుపట్టలేనట్టు నిండా కప్పుకుని నిలబడ్డ ముగ్గురు.

"గప్పుడు నేను పుట్టలేదు డాడీ."

"మీ అమ్మ కడుపుల ఉన్నవ్. నీ వాటా గప్పుడే వాడుకున్నవ్."

బిల్లు తిరస్కరణకు గురైంది. నోటుబుక్కు మూసేశారు.

సారు పిసినారి అనుకుంటే పొరపాటు. ఈ నోటుబుక్కులోనే, నాలుగు పేజీల వెనక, పెద్దబిడ్డ ఎమ్మెస్ చదువుకు తీసిన నలభై లక్షల అప్పు ఉంది. ఆ గీత మీద ఎర్ర సిరా చుక్క కూడా లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కన్సల్టెన్సీ మూడో అంతస్తులో, ఒక సాయంత్రం, సమోసాలు తింటూ సంతకం పెట్టొచ్చారు. ప్లాటు కాగితాలు కుదువ పెట్టేటప్పుడు నిమిషానికి ఎంత పడుతుందని ఎవరూ భాగించలేదు. అందులో చదువు నిమిషాలెన్నో, పార్ట్ టైమ్ నిమిషాలెన్నో విడదీసి చూపమని ఆడిట్ అభ్యంతరం రాలేదు. మా తూర్పు హైదరాబాదులో ఇదే ఆర్థిక శాస్త్రం. ఆనందం రెవెన్యూ వ్యయం, పైసా పైసా లెక్క చెప్పాలి. అమెరికా మూలధన వ్యయం, లెక్క అడగడమే అశుభం.

ఆ రాత్రి న్యూజెర్సీ నుంచి పెద్దబిడ్డ వీడియో కాల్ చేసింది. తమ్ముడి బాధ విని నవ్వింది. అక్కడ ఈస్ట్ రూథర్‌ఫోర్డ్‌లో ఒక మాల్ లోపలే 2019 నుంచి బిగ్ స్నో అనే మంచు వాలు ఉందట, జులైలో కూడా జారొచ్చట. తను వెళ్లలేదు. కొలరాడోలో వేల్ లాంటి పెద్ద కొండల దగ్గరైతే రద్దీ రోజున ఒక్క రోజు లిఫ్టు టికెట్టే మూడొందల డాలర్లు దాటిందని చెప్పింది. సారు దాన్ని రూపాయల్లోకి గుణించి పాతిక వేలు దాటిందని చెప్పేసరికి అటు పక్క కూడా కొంచెంసేపు మాటల్లేవు.

"మరి నీకు మంచెట్ల బిడ్డా?"

"ఇంటి ముందల్నే పడ్తది డాడీ. పొద్దున లేచి పారతోని ఎత్తిపొయ్యాలె, లేకుంటే కారు బయటికి రాదు. తమ్ముణ్ని పంపు, కావల్సినంత ఉంది. టికెట్టు లేదు, కూలి గూడ లేదు."

కథ ఇక్కడితో ముగియాల్సింది. కానీ ఆ వారంలోనే చిన్నోణ్ని అదే కన్సల్టెన్సీకి తీసుకెళ్లారు. కౌన్సెలర్ మార్కుల జాబితా చూసి పెదవి విరిచింది. అమెరికా అయినా, ఇప్పుడు కొత్తగా అందరూ అడుగుతున్న జర్మనీ, ఐర్లాండ్ అయినా, ఒట్టి మార్కులతో ప్రొఫైల్ నిలబడదంది. "చదువు కాకుండా ఏదైనా యాక్టివిటీ చూపించండి అంకుల్. ట్రెక్కింగ్, స్కీయింగ్ లాంటివి. దరఖాస్తుతో పెట్టే ఎస్‌ఓపీలో రాసుకోవడానికి బాగుంటుంది. సర్టిఫికెట్ ఉంటే ఇంకా మంచిది."

ఆడిట్ సారు ఇంటికొచ్చి నోటుబుక్కు తెరిచారు. పాత పద్దు మీద అడ్డంగా గీత కొట్టి, "చదువు" అన్న శీర్షిక కింద మళ్లీ రాశారు. మధ్యాహ్నం నన్ను పిలిచి స్నోబోర్డింగ్ పుట్టుపూర్వోత్తరాలు అడిగారు. 1965 క్రిస్మస్ నాడు మిషిగన్‌లో షెర్మన్ పాపెన్ అనే ఆయన, బిడ్డలు ఆడుకోవడానికి రెండు స్కీలను కలిపి బిగించాడనీ, అదే దీనికి మూలమనీ, ఆయన ఇంజనీరనీ చెప్పాను.

"ఇంజనీరా?" సారు కళ్లజోడు సర్దుకున్నారు. "ముందుగాల్నే చెప్పొద్దా మరి!"

1998లో నగానోలో ఒలింపిక్స్‌లోకి కూడా వచ్చిందంటే, స్పోర్ట్స్ కోటా అనుకుంటూ ఏదో రాసుకున్నారు. ఒక్క రోజుకు సర్టిఫికెట్ ఎవరిస్తారన్నది మిగిలింది. ఎవరూ ఇవ్వరు. గుల్మార్గ్‌లోనే కేంద్ర పర్యాటక శాఖ కింద ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్ ఉంది, అక్కడ రెండు వారాల కోర్సులుంటాయి. సారు తల ఊపారు. ఒక్క రోజు దుబారా, రెండు వారాలు కోర్సు. అది స్కీయింగు, తను అడిగింది స్నోబోర్డింగని చిన్నోడు లేవదీశాడు గానీ, "కట్టె ఒక్కటైతేంది, రెండైతేంది, పైకెళ్లి సర్కారు ముద్ర పడాలె" అని కొట్టిపారేశారు. ఖర్చు మూడింతలైంది. నిమిషానికి ఎంతని ఎవరూ భాగించలేదు. మేడమ్ గారు సకినాల పిండికి బియ్యం నానబోశారు, రెండు వారాలకు సరిపడా.

సంస్థ అన్నాక విచారణ తప్పదు గనక సారు నా ఎదుటే ఫోన్ కలిపారు. అటు పక్క ఎవరో హిందీలో మాట్లాడారు. సారు ఉర్దూ కలిసిన దక్కనీలో అందుకున్నారు. బ్యాచ్ ఎప్పుడు మొదలు, ఒక్కో బ్యాచ్‌లో ఎంతమంది, హాస్టల్‌లో రైస్ పెడతారా, మెటీరియల్ ఇస్తారా, అన్నీ అడిగారు. మంచు గురించి మాత్రం అడగలేదు. పెట్టేసే ముందు, కోచింగ్ సెంటర్ల దిల్‌సుఖ్‌నగర్ గౌరవం నిలబెడుతూ ఆఖరి ప్రశ్న వేశారు.

"హమారే ఇధర్ పహలే తీన్ దిన్ డెమో క్లాస్ ఫ్రీ రహతా సాబ్. ఆప్ కే పాస్?"