యూఎస్‌బీఏఎస్‌పీ ప్రోగ్రామర్ కథ

యూఎస్‌బీఏఎస్‌పీ అనేది ఏవీఆర్ మైక్రోకంట్రోలర్లలోకి ప్రోగ్రాం ఎక్కించే చిన్న పరికరం. రూపకర్త థామస్ ఫిష్‌ల్ దీని సర్క్యూట్‌ను అందరికీ తెరిచి ఇచ్చాడు కాబట్టే ఇది చవగ్గా దొరుకుతోంది. ఈ కథ చెప్పుకుంటున్న ప్రోగ్రామర్ ఉండేది పల్నాడు జిల్లా బొల్లాపల్లిలో, బోరు మోటార్ల కంట్రోల్ బోర్డులు బాగుచేసే బల్ల మీద. దానిలో ఉన్నదీ ఏవీఆర్ చిప్పే: అట్మెగా8.

దాని పనంతా ఆరు తీగల మీద నడుస్తుంది: మోసీ (చిప్‌కు వెళ్లే డేటా), మిసో (చిప్ నుంచి వచ్చే డేటా), ఎస్‌సీకే (క్లాక్), రీసెట్, వీసీసీ (సరఫరా), గ్రౌండ్. చిప్ జవాబివ్వడం లేదని కంప్యూటర్ చెప్పగానే చాలామంది ప్రోగ్రామర్‌నే అనుమానిస్తారు. తప్పు ఎక్కువగా తీగల్లోనే ఉంటుంది.

మొదటి జాగ్రత్త కరెంటు. బోరు మోటారుకు వచ్చేది 415 వోల్టుల త్రీఫేజ్. ట్రాన్స్‌ఫార్మర్ లేని బోర్డుల్లో గ్రౌండ్ కూడా మెయిన్స్‌తో కలిసే ఉంటుంది. అందుకే బోర్డును మెయిన్స్ నుంచి పూర్తిగా విడదీశాకే ప్రోగ్రామర్ తగిలించాలి.

తరువాత సరఫరా. ప్రోగ్రాం ఎక్కించాల్సిన చిప్ అట్మెగా328పీ డిప్ అయితే, దాని 7, 8 కాళ్ల మధ్య మల్టీమీటర్ పెట్టి చూడాలి. 20వ కాలికి కూడా సరఫరా, 22వ కాలికి గ్రౌండ్ అందాలి. బోర్డుకు వేరే సరఫరా ఇస్తే ప్రోగ్రామర్ వీసీసీ కలపకూడదు. గ్రౌండ్ మాత్రం తప్పక కలపాలి.

మూడోది తీగల వరస. పది పిన్నుల కనెక్టర్‌లో 1 మోసీ, 2 వీసీసీ, 5 రీసెట్, 7 ఎస్‌సీకే, 9 మిసో, 10 గ్రౌండ్. రిబ్బన్ కేబుల్‌లో ఎర్ర అంచు ఒకటో పిన్ను వైపు. సీరియల్ తీగల్లా ఇక్కడ అడ్డంగా మార్చకూడదు: మోసీ మోసీకే, మిసో మిసోకే. ఒక్కో తీగనూ ఈ కొస నుంచి ఆ కొస దాకా కంటిన్యుటీ చూడాలి.

నాలుగోది రీసెట్. దానికి పెద్ద కెపాసిటర్ ఉంటే సంకేతం సాగిపోతుంది. రీసెట్‌ను 10 కిలోఓమ్‌ల రెసిస్టర్‌తో వీసీసీకి కలిపితే చాలు.

చివరిది వేగం. కొత్త అట్మెగా328పీ 1 మెగాహెర్ట్జ్‌తో నడుస్తుంది. ఎస్‌సీకే అందులో నాలుగో వంతుకు తక్కువ ఉండాలి. చిప్‌లోని ఫ్యూజు సెట్టింగులు బయటి క్రిస్టల్ కోరితే క్రిస్టల్ లేనిదే చిప్ పలకదు.

అన్నీ సరైతే అట్మెగా328పీని గుర్తించే సంతకంగా 1ఈ 95 0ఎఫ్ కనిపిస్తుంది. అన్నీ సున్నాలో, అన్నీ ఎఫ్‌లో వస్తే మళ్లీ తీగలే వెతకాలి. సంతకం సరిగ్గా చదివాకే ప్రోగ్రాం ఎక్కించాలి.