బస్తాల దొంతర: టీకా తాత్పర్య సహితం

మూలం (రాయ్‌పూర్ శివార్లలోని ఒక రైసుమిల్లు గోడమీద తెలుగు మేస్త్రి బొగ్గురాత):

అడుగున ఇరవై. ఎక్కేకొద్దీ ఒక్కోటి తరుగు. కొనన ఒకటి. మొత్తం చెప్పినవాడికే చాయ్.

అవతారిక: ధాన్ కా కటోరాగా పేరుపడ్డ ఛత్తీస్‌గఢ్‌లో ధాన్యం కొనుగోళ్ళ కాలాన వెలసిన వాక్యమిది. ఛందస్సు లేదని ఆక్షేపించరాదు. చేతిలో ఉన్నది బొగ్గుముక్క ఒక్కటే.

టీక: అడుగున = నేలనంటిన వరుసయందు; ఇరవై = 20 బస్తాలు, ఇదే ఆది; ఒక్కోటి తరుగు = చయము, ఇక్కడ ఋణము (బస్తా తగ్గును గాని హమాలీ కూలి తగ్గరాదని వృద్ధులు); కొనన ఒకటి = అంత్యధనము; మొత్తం = సర్వధనము; చెప్పినవాడికే = ఏవకారముచేత పక్కవాడి కాగితం చూసినవాడికి నిషేధము; చాయ్ = స్పష్టము.

తాత్పర్యం: వరుసలు 20, అదే గచ్ఛం. ఆదినీ అంత్యాన్నీ కలిపితే 21, సగం చేస్తే పదిన్నర. పదిన్నర బస్తాల వరుస దొంతరలో ఎక్కడా కనిపించదు. అయినా ఆ లేని వరుసనే ఇరవైతో గుణిస్తే ఉన్న బస్తాలన్నీ తేలతాయి: 210. బస్తాకు 40 కిలోల చొప్పున 84 క్వింటాళ్ళు. ఆర్యభటుడు 499లోనే ఈ ఉపాయం చెప్పాడు. మహావీరాచార్యుల గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన ఎన్నడో తెనిగించాడు. ఇంత చేశాక కూడా తెలుగువాడికి చాయ్ దక్కకపోతే తప్పు పూర్వులది కాదు.

ఆక్షేపం: గోడలా ఒంటివరుసన కాక, నలుచదరంగా పేరిస్తే? అప్పుడు అడుగున 400, దానిపైన 361, ఆపైన 324. తరుగు 39, 37 అంటూ తానే తరుగుతుంది గనుక సూత్రం పారదు. మొండికేసి 400కీ 1కీ సగటు కట్టి ఇరవైతో గుణిస్తే 4010 వస్తుంది. నిజంగా ఉన్నవి 2870. మిగతా 1140 బస్తాలు, అనగా 456 క్వింటాళ్ళు, గాలిధాన్యం. అంత గాలిని రిజిస్టరులో నిల్వ చూపగల విద్వాంసులున్నారా అన్నది ఈ టీకకు విషయం కాదు.

సమాధానం: మూలకారుడు “ఒక్కోటి” అన్నాడు గనుక దొంతర గోడవంటిదే.

పాఠాంతరం: వానజల్లుకు “ఒకటి” చెరిగిన ప్రతి కూడా ఉంది. అంత్యం తెలియకపోతే గచ్ఛం తేలదు, గచ్ఛం లేనిదే మొత్తం రాదు. తలెత్తి వరుసలు లెక్కపెట్టుకోవచ్చునని హమాలీల మతం. అలా చేస్తే చాయ్ ఇవ్వనని మేస్త్రి.