పోపులడబ్బా గురువు

నోయిడా సెక్టార్ 62లో ఏ సాఫ్ట్‌వేర్ ఆఫీసుకెళ్లినా ఇలాంటాయన ఒకరుంటారు. సొంతూరు తెనాలో, ఖమ్మమో. వచ్చి పదిహేనేళ్లయినా హిందీలో ఏది ఆడో ఏది మగో ఇంకా తేలలేదు గానీ, విమ్‌లో కామా కూడా తప్పనివ్వరు. మౌసుప్యాడ్ మీద టీ గ్లాసు పెట్టుకుంటారు.

విమ్ అంటే అంట్లు తోమే సబ్బు కాదు. 1991లో బ్రామ్ మూలెనార్ అనే డచ్చాయన విడుదల చేసిన టెక్స్ట్ ఎడిటర్. 2023 ఆగస్టులో ఆయన పోయారని తెలిసినరోజు మన గురువు మౌసు ముట్టలేదట. మామూలు రోజుల్లోనూ ముట్టరు లెండి.

"అన్నా, ఒక లైను కాపీ చేశా. పాత లైను తీసేసి పేస్ట్ కొడితే ఆ పాతదే వచ్చి కూర్చుంది!" అని గుంటూరు కుర్రాడు వచ్చాడా, గురువుకి పండగే.

"వైవై, డీడీ, పీ. అంతేనా కొట్టింది?"

విమ్‌లో డిలీట్ అంటే పారేయడం కాదు, కత్తిరించి దాచడం. దాచే చోట్లని రిజిస్టర్లంటారు, పోపులడబ్బాలో గిన్నెల్లాంటివి. పేరులేని గిన్నెలో ఆఖరున ఏది పడితే పీ కొట్టగానే అదే వస్తుంది. కాపీ చేసిన లైను సున్నా గిన్నెలో భద్రంగానే ఉంది. డబుల్ కోట్, సున్నా, పీ కొడితే చాలు. తీసేసిన లైన్లు ఒకటో గిన్నెలో పడి తొమ్మిది దాకా జరుగుతూ పోతాయి. ఏ నుంచి జెడ్ దాకా మన సొంత గిన్నెలు. అండర్‌స్కోర్ గిన్నె మాత్రం బావమరిదికిచ్చిన అప్పు, అందులో పడింది తిరిగిరాదు.

ఆంధ్రా భవన్ క్యాంటీన్‌లో పప్పడిగితే సాంబారు పోసినా "పేరులేని రిజిస్టర్!" అని గొణుక్కునే మనిషాయన.

ఒక్కచోటే పరువు పోతుంది. బ్రౌజర్‌లో కాపీ చేసింది విమ్‌లోకి రావాలి. క్లిప్‌బోర్డు గిన్నె పేరు ప్లస్. గురువు డబుల్ కోట్, ప్లస్, పీ కొట్టారు. ఏమీ రాలేదు. మళ్లీ కొట్టారు. రిజిస్టర్ల జాబితా తెరిస్తే ప్లస్ గిన్నే లేదు. కుర్రాడు ఇన్సర్ట్ మోడ్‌లోకెళ్లి కంట్రోల్, షిఫ్ట్, వీ నొక్కాడు. వచ్చేసింది. గురువు కిటికీలోంచి మెట్రో చూస్తూ ఉండిపోయారు.

ఉబుంటులో చాలాచోట్ల మామూలు విమ్ ప్యాకేజీకి క్లిప్‌బోర్డుతో పొత్తుండదు. వెర్షన్ వివరాల్లో క్లిప్‌బోర్డ్ ముందు మైనస్ కనిపిస్తే విమ్-జీటీకే3 ఎక్కించుకోండి. ఆ పని అయ్యాకే గురువు దగ్గరికెళ్లండి. లేకపోతే మెట్రో బ్లూ లైను ఆఖరి బండి దాటిపోతుంది.